అత్తయ్య బుట్టలో ఏనుగులు

మొన్న ఆదివారం విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో భోజనాల దగ్గర అందరూ ఒక్కసారిగా పకపకా నవ్వుతుంటే, చెవిలో మిషను ఉన్నా ఒక్క ముక్కా అందక, మసక కళ్లకు ఎవరి మొహమూ ఆనక, ఏమిటే అంత నవ్వు అని మనవరాలిని అడిగాను. అది నా చెవి దగ్గరకు వంగి, "ఏమీ లేదులే అమ్మమ్మా, నువ్వు తిను" అంది. ప్రేమగానే అంది పాపం. నేను మాత్రం ముద్ద కంచంలోనే వదిలేశాను, ఎందుకంటే అరవై ఏళ్ల కిందట కొండపల్లిలో మా మేనత్తకు మేము చేసిందీ అదే.

నాలుగో తరగతిలో జ్వరం వచ్చి ఆవిడకు చెవులు పోయాయి, పాతికేళ్లు వచ్చేసరికి చూపూ పోయింది. మాట మిగిలింది, అదీ ఎంత గట్టిగా అంటే మా ఇంటి గుట్టంతా వీధి చివరి కిళ్లీకొట్టు దాకా వినిపించేది. ఆవిడ మాకు చెప్పగలదు, మేమే ఆవిడకు చెప్పలేం. చేతిలో గ్లాసు పెడితే కాఫీ, భుజం మీద తువ్వాలు వేస్తే స్నానం, అంతటితో సరి. నేను బడిలో చేరాక ఆవిడే నా వేలు పట్టుకుని తన అరచేతిలో అక్షరాలు రాయించుకుంది. ఎవరొచ్చారో, పక్కింటివాళ్లు ఎందుకు పోట్లాడుకున్నారో అన్నీ కావాలి ఆవిడకు, రాయడం ఆలస్యమైతే తొడపాశం కూడా పెట్టేది!

మాది బొమ్మలు చేసే ఇల్లు. అంబారీ ఏనుగులను రంగు వేసేముందు ఉప్పుకాగితంతో నునుపు చేయడం అత్తయ్య పని. చూపు పోయాక అది ఆవిడ వల్ల కాదని నాన్న అనుకున్నారు గానీ, ఖాళీగా ఉంటే బెంగపడుతుందని, అమ్మకానికి పనికిరాని పాతిక ఏనుగులను బుట్టలో వేసి, ఆవిడ నునుపు చేశాక సాయంత్రం తీసి, పొద్దున కొత్తవన్నట్టు మళ్లీ అవే పెట్టేవారు. ఆ సంగతి ఆవిడకు చెప్పొద్దని నాయనమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఒకనాడు అత్తయ్య ఒక ఏనుగు పొట్ట కింద గోటితో గీసిన గీత మీద నా వేలు పెట్టి, "ఇది మొన్న నేను పెట్టిన గుర్తు. అన్నిటికీ ఉంది. ఇవి అవేనా?" అని అరచేయి చాపింది. గుసగుసగా అన్నాననుకుంది గానీ ఇల్లంతా వినిపించింది. గుమ్మంలో నాయనమ్మ కళ్లెర్రజేస్తోంది. నాకు పదేళ్లు. ఏడుస్తూనే అవును అని రాశాను.

అత్తయ్య గోడ పట్టుకుంటూ వెళ్లి బుట్ట మొత్తం నాన్న కాళ్ల ముందు బోర్లించింది. "పని లేకపోతే లేదని చెప్పు అన్నయ్యా, నన్ను ఆడించకు" అంది. నాన్న రంగుకు సిద్ధంగా ఉన్న ఏనుగొకదాన్ని ఆవిడ చేతిలో పెట్టారు. వేళ్లతో తడిమి, చెవి వెనక గరుగ్గా ఉందంది. నిజమే, నాన్న కంటికి ఆనలేదు. అప్పటిదాకా ఆవిడ చేతిలో ఒక్క అక్షరం రాయని మనిషి, పక్కన కూలబడి, తప్పయిందమ్మా అని రాశారు. ఆ తర్వాత అత్తయ్య వేళ్లు తగలకుండా ఒక్క బొమ్మా రంగుకు వెళ్లలేదు.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా మనవరాలు రెండు బొటనవేళ్లతో లోకమంతటికీ టకటకా రాసేస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది. మొన్న ఆదివారం చేయి కడుక్కుని వచ్చి దాని ముందు అరచేయి చాపాను. మందులు అడుగుతున్నాననుకుంది పిచ్చితల్లి, రెండు బిళ్లలు పెట్టి నా వేళ్లు జాగ్రత్తగా మూసింది. మింగేశాను. ఇక దాని వేలు నేనే పట్టుకోవాలి.