అయిదు గురుగులు, ఒక పొట్టేలు

ఈ గదిలో ఇప్పుడున్నవి ఇవి: ఒక నవారు మంచం, ఒక చెక్క బల్ల, ఆఫీసువాళ్లు ఇచ్చిన లెవెల్ యంత్రం పెట్టె, దాని మూడు కాళ్ల స్టాండు, కొలత గొలుసు, కిటికీ కింద వరసగా అయిదు పాలపొడి డబ్బాలు, పొయ్యి దగ్గర మా అమ్మ, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న నల్ల గొంగడి. పొద్దున కాలువ పని మీద వెళ్లినప్పుడు తొలకరి వాన పట్టుకుంది. గొంగడి కప్పుకొని వచ్చాను. తడిసిన ఉన్ని వాసన, దాని అడుగున ఎక్కడో చింతగింజల గంజి వాసన, ఇంకా అడుగున పసుపు వాసన ఉన్నట్టూ లేనట్టూ గదంతా పరుచుకున్నాయి. ఆ మూడో వాసన సంగతి అమ్మకు, చెల్లెకు తప్ప ఇంకెవరికి చెప్పినా నమ్మరు.

నాయిన పోయిననాటికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లె లచ్చిమికి నాలుగు. మాది నల్లగొండకు ఒక పూట నడక దూరంలో, ఎర్ర చెలకల మధ్య, రాతిగుట్ట నీడన ఉన్న చిన్న ఊరు. మేము గొర్లకాపరులం. నాయిన కడుపునొప్పితో నాలుగు నెలలు తీసుకొని పోయాడు. ఆయన వెనక మిగిలినవి పన్నెండు గొర్రెలు, ఒక పొట్టేలు, పెంకులు జారిన ఇల్లు, సావుకారి దగ్గర రెండు వందల రూపాయల అప్పు. దవాఖాన మందులకు కొంత, ఎడ్లబండి కిరాయికి కొంత, దినాలకు వచ్చిన చుట్టాల భోజనాలకు కొంత అయిన అప్పు అది. దినాలు అయిపోయిన మరుసటి రోజు చుట్టాలు లేచిపోయారు, అప్పు మాత్రం ఇంట్లోనే కూర్చుంది.

అమ్మకు రాయడం, చదవడం రాదు. కుమ్మరింటికి వెళ్లి జొన్నలిచ్చి అయిదు చిన్న గురుగులు తెచ్చి, వంటింటి గూట్లో వరసగా పెట్టింది. ఏది దేనికో తెలియడానికి ఒక్కోదాని అడుగున ఒక్కో గుర్తు వేసింది. ఉప్పు రాయి వేసినది ఇంటి ఖర్చులకు, వేపాకు వేసినది జ్వరాలకు, బలపం ముక్క వేసినది నా బడికి, పసుపు కొమ్ము వేసినది ఎల్లమ్మ తల్లికి. సావుకారి గురిగిలో ఎండు మిరపకాయ వేసింది. అదెందుకని చెల్లె అడిగితే, "చెయ్యి పెట్టినప్పుడల్ల మండాలె బిడ్డా, గప్పుడే యాదికుంటది," అన్నది. ఉన్ని అమ్మినా, గొర్రెపిల్లను అమ్మినా, కూలికి పోయినా, వచ్చింది ఏదైనా సరే ముందు మా ఇద్దరినీ కూర్చోబెట్టి అయిదింటిలో పంచేది. ఒకసారి పడ్డది ఇంకోదాంట్లోకి మారడానికి లేదు. పీర్ల పండుగనాడు మలీద ముద్దలకు బెల్లం తక్కువైందని చెల్లె ఏడ్చినప్పుడు, నేను బలపం గురిగిలోంచి ఒక అణా తీద్దామన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకొని ఆపింది. "గురిగి గురిగికి అప్పియ్యదు. మనుషులకే ఉన్నది ఆ జబ్బు," అన్నది. అవి నిజాం నాటి హాలీ సిక్కా నాణేలు పోయి కొత్త పైసలు వస్తున్న రోజులు. అణాకు ఆరు పైసలిచ్చేవాళ్లు, నాలుగణాలకైతే ఇరవై అయిదు. ఒక్కో అణాగా మారిస్తే పైసా పోతుందని గమనించినప్పటి నుంచి అమ్మ నాలుగణాలు కూడేదాకా దేన్నీ మార్చేది కాదు.

నాయిన పోయాక మూడేళ్లు మేము ఏం తిన్నామంటే చెప్పడం సులువు. పొద్దున జొన్నగట్క, సాయంత్రం జొన్నరొట్టె, పక్కన పచ్చిపులుసో ఎల్లిగడ్డ కారమో. వానాకాలంలో చెలక గట్ల మీద దొరికే తుమ్మికూర, చలి ముదరకముందు గుట్ట మీద పగిలిన సీతాఫలాలు, చలికాలం చివర ఒడి నిండా రేగుపండ్లు, మోదుగులు పూసి గుట్టంతా అంటుకున్నట్టు కనిపించే రోజుల్లో చింతపండు. చింతపండు కొట్టే ఇళ్లకు అమ్మ కూలికి వెళితే గింజలు మాకు వచ్చేవి. వాటితో నేనూ చెల్లే అరుగు మీద గీతలు గీసి పచ్చీసు ఆడేవాళ్లం. ఆట అయిపోగానే అమ్మ కొంగు చాపేది. ఓడినవాడివీ గెలిచినవాడివీ అన్నీ అందులో పడాల్సిందే. గొంగళ్లు నేసేవాళ్లు నూలుకు గంజి పెట్టడానికి ఆ గింజలు కొనేవాళ్లు. మా ఆటకు కూడా ధర ఉందని నాకు అప్పుడే తెలిసింది.

గొర్లను మా అమ్మే కాసేది. మా కులంలో ఆడవాళ్లు మందలోకి వెళ్లి కర్ర పట్టడం ఊరికి కొత్త. "ఏందే సాయమ్మా, మీసాలెప్పుడు పెంచుతవ్?" అని బావి దగ్గర ఎవరో అంటే, "మీ ఆయనవి ఖాళీగనే ఉన్నయి కద, అడిగి పెట్టు," అన్నదట. ఎండాకాలంలో మేనమామ మల్లయ్య తన మందతో మా పన్నెండింటిని కలిపి రైతుల చెలకల్లో రాత్రుళ్లు మంద పెట్టేవాడు. గొర్లు పడుకున్న నేల తొలకరికి నల్లగా బలపడుతుంది కాబట్టి రైతులు జొన్నలు కొలిచి ఇచ్చేవాళ్లు. కొలిచే మనిషి మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అనేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మ కళ్లు మూసుకొని దండం పెట్టేది. మా వాటా జొన్నల్లో సగం తిండికి, సగం అమ్మిన డబ్బు మిరపకాయ గురిగికి.

ఇక పొట్టేలు. జబ్బున పడ్డప్పుడు నాయిన దాన్ని ఎల్లమ్మకు మొక్కాడు. అప్పటికది మూడు నెలల పిల్ల. చెవి కొస చీల్చి, నుదుట బండారి పసుపు పెట్టి వదిలారు. అలా వదిలిన జీవాన్ని ఎవరూ అదిలించరు, కొట్టరు, దాని ఒంటి మీద కత్తెర పెట్టరు. ఎవరి చేలో పడి మేసినా "తల్లిది" అని పక్కకు తప్పుకుంటారు. నాయిన బతకలేదు. "బావ బతికితె ఇస్తనన్నడు. బతకలె. ఇగ తల్లికి మనం బాకేందే అక్కా?" అని మల్లయ్య మామ వాదించాడు. అమ్మ ఒప్పుకోలేదు. "పానం ఆమె చేతుల ఉండె, మాట మన చేతుల ఉన్నది. ఆమెది ఆమె చూస్కుంటది, మనది మనం చూస్కోవాలె," అన్నది. కానీ పొట్టేలు ఒక్కటి ఉంటే పండుగ కాదు. చుట్టాలకు బియ్యం, కల్లు, డప్పులు, ఆడబిడ్డలకు చీరలు కావాలి. అందుకని పసుపు కొమ్ము గురిగి నిండేదాకా ఆగుదామని మొక్కు వాయిదా పడుతూ వచ్చింది. ఊరందరి చేలూ మేసిన పొట్టేలు మూడేళ్లలో దూడంత అయింది. మెలి తిరిగిన కొమ్ములు, నేలను తాకే ఉన్ని, ఎదురొచ్చిన ప్రతివాడినీ కుమ్మే గుణం. బడికి వెళ్లేటప్పుడు నేను దానికి భయపడి గోడ దూకి వెళ్లేవాణ్ని.

మూడో ఏడు వానలు ముఖం చాటేశాయి. గడ్డి లేక రెండు గొర్రెలు పోయాయి, మంద పెట్టుకునే రైతులూ తగ్గారు. మోదుగు పూలు రాలే రోజుల్లో సావుకారి మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. వచ్చినప్పుడల్లా చెల్లె చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని, లెక్క చెప్పాడు.

"వడ్డి వోను ఇంక నలభై రెండున్నది సాయమ్మా. ఉగాదికి పాత లెక్కలు మూసేస్త. నీ తాన లేకుంటె ఫికర్ చెయ్యకు. పిల్లగాణ్ని మా బర్రెల కాడికి తోలు. రెండేండ్లు జీతముంటె చెల్లు. బువ్వ మాదే."

"వాడు బడికి పోతున్నడు సేటూ."

"బర్రెలు కూడ చదువుకున్నోణ్ని వద్దంటయా?" అని నవ్వి లేచాడు. నవ్వులో ఎగతాళి లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. ఊళ్లో నా ఈడు పిల్లలు ఎందరో అలాగే రెండేళ్లకని వెళ్లి మీసాలొచ్చేదాకా ఉండిపోయారు.

ఆ సాయంత్రం అమ్మ మిరపకాయ గురిగి బోర్లించింది. ఏడు రూపాయలున్నాయి, అవి అప్పటిదాకా నిలిచిన వడ్డీకే సరిపోతాయి. కరువు ధరకు గొర్రెలన్నీ అమ్మితే నలభై రెండూ వస్తాయి కానీ తరవాత బతుకు లేదు. ఆమె చాలాసేపు పసుపు గురిగిని చూసింది. తరవాత మామను పిలిపించి అన్నది: "తమ్మీ, ఇద్దరికి బాకున్న. ఒకరు నెల నెల వడ్డి గుంజుతరు. ఒకరు మూడేండ్ల సంది ఒక్క మాటనలె. ముందు ఎవరిది తెంపాలె?"

మామ గొంతు తగ్గించాడు. "తల్లి పొట్టేలు అమ్ముతవా? కొనేటోడెవడే? చెవి జూస్తె ఉరుకుతరు."

"తల్లినే అడుగుదం."

అడిగే పద్ధతి ఒకటి ఉంది. తల్లి ముందు జీవాన్ని నిలబెట్టి, మాట చెప్పుకొని, దాని వీపున పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే లేదు. మంగళవారం పొద్దున ఊరి బయట వేపచెట్ల కింద, ఎల్లమ్మ రాయి ముందు, సగం ఊరు చేరింది. జమిడిక వాయిస్తూ తల్లి కథ చెప్పే బైండ్ల తాత కూర్చున్నాడు. అమ్మ తలస్నానం చేసి, తడి చీరతో నిలబడి, అందరికీ వినబడేలా చెప్పింది: "తల్లీ, నీ పొట్టేలును నాకు బదులియ్యి. సావుకారి బాకి కట్టి నా కొడుకును ఇంట్ల ఉంచుకుంట. ఒక్కదానికి రెండిస్త."

బైండ్ల తాత చెంబెడు నీళ్లు పోశాడు. పొట్టేలు నెమరు వేస్తూ నిలబడింది. రెండో చెంబు. అది నన్ను చూసింది. మూడో చెంబు. నీళ్లు పక్కలకు కారిపోయాయి. దానికి చీమ కుట్టినట్టయినా లేదు. వెనక ఎవరో ఆడమనిషి, "తల్లి ఒప్పలే," అన్నది. జమిడిక ఆగింది. మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. బర్రెల కొట్టం వాసన ఎలా ఉంటుందో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది.

అమ్మ ఏడవలేదు. వంగి, పొట్టేలు వీపు మీద ఉన్నిని రెండు చేతులతో పాయ తీసింది. జానెడు లోతు ఉన్ని. అడుగున తోలు పొడిగా, గులాబీ రంగులో ఉంది.

"తాతా, జర చెయ్యి పెట్టి చూడు. నీళ్లు తోలుకే తాకలె. నా మాట తల్లిదాంక యాడ పోయింది?"

తాత వేళ్లు దూర్చి చూశాడు. ముసలి ముఖంలో నవ్వు మెల్లగా పాకింది. "పోలేదే పిల్లా. నడిమిట్లనే ఆగింది. మరి ఏం జేద్దమంటవ్?"

"కత్తెర పెడదం. నా పెనిమిటి మొక్కింది పొట్టేలును. ఉన్ని మొక్కలె."

గొడవ మొదలైంది. మొక్కిన జీవానికి కత్తెరా అని ఒకరు, మొక్కినాయన ఏమన్నాడో భార్యకు తెలియదా అని ఇంకొకరు. చివరికి తాత జమిడికతో నేల మీద కొట్టి, "వినబడకుంటె చెవి దగ్గరికి పోయి చెప్తం. గిది గంతే," అన్నాడు. మామ పరుగున కత్తెర తెచ్చాడు. ఇద్దరు పట్టుకుంటే అమ్మే కత్తిరించింది. మూడేళ్ల ఉన్ని, పసుపు నీళ్లతో తడిసి, నల్లని మబ్బులా ఆమె కాళ్ల చుట్టూ పడింది. ఉన్ని పోయిన పొట్టేలు సగానికి సగం చిక్కి, కొమ్ములు మాత్రం పెద్దగా, సిగ్గుపడినట్టు నిలబడింది. పిల్లలం నవ్వాం. అమ్మ మళ్లీ అదే మాట చెప్పింది. తాత చెంబు వంచాడు. మొదటి చుక్క తగలగానే అది కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్లంతా జాడించింది. తాత రుమాలు, మామ ముఖం, నా చొక్కా పసుపుతో తడిశాయి. డప్పు ఎవరు కొట్టారో గుర్తు లేదు.

ఇప్పుడు నేను కొలతల మనిషిని. ఆ ఉన్ని కింద నీళ్లు తోలును తాకే వీలు లేదనీ, కత్తిరించిన జీవం చల్లని నీళ్లకు తప్పకుండా విదిలిస్తుందనీ నాకు తెలుసు. గొర్లకాపరి భార్యగా అమ్మకు అప్పుడే తెలిసి ఉండాలి. ఒకసారి అడిగాను. "తెల్వకేం? తల్లికి కూడ తెల్సు. ఆమె వద్దనుకుంటె కత్తెర మొండిగయ్యేది," అన్నది.

ఆ వారం అంగట్లో బేరగాడు ముప్పై అయిదు దగ్గర మొండికేశాడు. చీలిన చెవి చూపించి తగ్గించమన్నాడు. నడుము పట్టి చూద్దామని వంగినప్పుడు పొట్టేలు వాణ్ని కుమ్మి ఉల్లిగడ్డల కుప్పలో పడేసింది. "దీని బలం ఇప్పుడు నీకెరుకే," అని మామ నవ్వితే, బట్టలు దులుపుకుంటూ నలభై ఆరు ఇచ్చాడు. ఉగాదికి రెండు రోజుల ముందు అమ్మ సావుకారి గద్దె మీద నలభై రెండు పెట్టింది. ఆయన కాగితం చేతికిచ్చి, చెల్లెకు బెల్లం పెట్టి, "బర్రెలకు ఇంకోణ్ని చూసుకోవాలె," అన్నాడు. మిగిలిన నాలుగు రూపాయలు పసుపు కొమ్ము గురిగిలో పడ్డాయి. మిరపకాయను తీసి అమ్మ ఆ రోజే పచ్చిపులుసులో వేసింది. మూడేళ్ల మిరపకాయకు కారం లేదు.

ఆ ఉన్నితో నేసిందే ఈ గొంగడి. నేత కూలి కింద మా పచ్చీసు గింజలు కూడా ఇచ్చాం.

బడి అయ్యాక పాలిటెక్నిక్, తరవాత ఈ కాలువ ఉద్యోగం. ఊరికి వెళితే సావుకారి గద్దె ఉన్న చోట పిండిగిర్ని ఆడుతోంది. రైతులు ఎరువు బస్తాలు మోసుకెళుతున్నారు, మంద పెట్టమని ఎవరూ అడగరు. మామ గొర్లను అమ్మి బండి కొన్నాడు. గొంగళ్లు నేసే ఇళ్లలో మగ్గం గుంతలు పూడ్చి గచ్చు చేశారు. కొలిచేటప్పుడు "లాభం" అనేవాళ్లు లేరు, తూకం రాళ్లు వచ్చాయి. గురుగులు ఇల్లు మారేటప్పుడు పగిలిపోయాయి. జీతం తెచ్చిన రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి అయిదు పాలపొడి డబ్బాల్లో పంచుతుంది.

ఎల్లమ్మకు ఒప్పుకున్న రెండింటిలో మొదటి పొట్టేలును, నేను పదో తరగతి గట్టెక్కిన ఏడు, డప్పులతో ఇచ్చింది. రెండోది ఇవ్వలేదు. పసుపు కొమ్ము డబ్బాలో దానికి చాలినంత ఎప్పుడో కూడింది. ఇవాళ గొంగడి ఆరేస్తూ, రెండోది ఎప్పుడిద్దామని మళ్లీ అడిగాను.

"ఉండనియ్యిరా. అన్ని బాకీలు తెంపితె ఆమె నన్నెందుకు యాదికుంచుకుంటది? వడ్డి లేని బాకి ఒక్కటన్న ఉండాలె మనిషికి."

నేను లెక్క సరిచూశాను. సావుకారికి బాకీ: లేదు. ఎల్లమ్మకు బాకీ: పొట్టేలు, ఒకటి.