ఎదురుకాళ్ళ పిన్నిగారు

నిన్న పొద్దుటి రైలులో తాడేపల్లిగూడెం నుంచి మా పక్కింటి పిన్నిగారి అల్లుడు వచ్చాడు. జ్వరంతో కూతురింటికి వెళ్ళిన ఆవిడ ఇక లేరనీ, దహనం కూడా అక్కడే అయిపోయిందనీ చెప్పాడు. మగ్గం ముందు కూర్చున్న నేను చటుక్కున లేచి నిలబడ్డాను. అలా ఒక్క ఊపున లేవగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే. నిన్న లేచాక గాని ఆ మాట గుర్తుకు రాలేదు. అందుకు సిగ్గుపడ్డాను.

ఏలూరు తివాచీలు నేసే వీధిలో మా ఇంటి గోడా, వారి గోడా ఒకటే. ఆవిడ కొల్లేటి లంకలో ఎదురుకాళ్ళతో పుట్టారు. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. అందుకని పొద్దున్నే ఆవిడ అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. ఊరంతా హడలిపోయే హెడ్డు కానిస్టేబులు గారు సైతం టోపీ పక్కన పెట్టి పడుకోవలసిందే. ఆవిడ కాలు కడుక్కుని, నడుము మీద మూడుసార్లు మెల్లగా ఆనించి, వెంటనే వంగి ఆ మనిషిని చేత్తో తాకి కళ్ళకద్దుకునేవారు.

"మా అమ్మని నానా కష్టం పెట్టి వచ్చిన కాళ్ళండీ ఇవి. నలుగురి నడుములకి సాయపడితే అమ్మ నన్ను క్షమిస్తుందేమో" అనేవారు.

ఆరేడేళ్ళ కిందట నాకు నడుము దగ్గర నొప్పి మొదలై, ఎడమ పిర్ర మీదుగా మడమ దాకా పాకింది. నమాజులో వంగితే లేవలేకపోయేవాణ్ణి. డాక్టరు గారు మందిచ్చారు, ఒకరు తైలం రుద్దారు. ఏమీ తగ్గలేదు. కాలికి వాతలు పెట్టించాలని ఇంట్లో పెద్దలు తీర్మానించి, మనిషికి కబురు కూడా చేశారు. ఎర్రగా కాల్చిన ఇనుము తలుచుకుని నాకు అన్నం సహించేది కాదు. మగ్గం మీద మేమిద్దరమే, నాన్నా, నేనూ. నేను మంచం పడితే నాన్న ఒక్కరే నేయలేరు. ఆఖరికి వెళ్ళి పిన్నిగారి అరుగు మీద బోర్లా పడుకున్నాను.

ఆవిడ కాలు కడుక్కోలేదు. పక్కన కూర్చున్నారు.

"నొప్పి కాల్లోకి దిగుతోందా అబ్బాయ్?"

"దిగుతోందండి."

"మరి శుక్రవారం ఎలా ఉంటుంది?"

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. శుక్రవారం మాకు మగ్గం సెలవు. ఆ సాయంత్రానికి కాస్త తెరిపి ఇచ్చి, శనివారం మధ్యాహ్నానికి మళ్ళీ పట్టుకుంటుందని చెప్పాను.

"అయితే నేను చూడాల్సింది నీ నడుము కాదు, నువ్వు కూర్చునే చోటు" అని లేచారు.

నాన్న నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి బావి దగ్గరికి వెళ్ళిన సమయంలో మా మగ్గం పాకలోకి వచ్చారు. తివాచీ పెరిగే కొద్దీ మేము కూర్చునే బల్లను తాళ్ళతో పైకి కట్టుకుంటాం. ఆవిడ ఒక ఉన్ని ఉండ తీసి బల్ల మీద నాన్న వైపు పెట్టారు. అది దొర్లుకుంటూ నేను కూర్చునే కొసకు వచ్చి కింద పడింది.

"ఇన్నాళ్ళూ ఇలాగే ఒరిగిపోయి కూర్చున్నావా నాయనా?"

బల్ల వాలు సంగతి నాకు తెలుసు. నా కాలు లాగడానికి కారణం అదేనని మాత్రం తట్టలేదు. నాన్నకు చూపు మందగించింది. నేసే ముడి కళ్ళకు దగ్గరగా ఉండాలని తన వైపు తాడు నాలుగు వేళ్ళెత్తు పైకి కట్టుకునేవారు.

"నాన్నతో అనకండి పిన్నిగారూ. కళ్ళు పోతున్నాయని మాకు తెలిసిపోయిందంటే మగ్గం దిగిపోతారు. ఆ తర్వాత ఆయన బతకరు" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆవిడ నా తల నిమిరి వెళ్ళిపోయారు.

మర్నాడు తన పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు. నాన్న ఎదుటే నన్ను పడుకోబెట్టి, కాలు ఆనించి, కళ్ళకద్దుకుని అన్నారు.

"అన్నయ్యగారూ, నా కాలు తగిలిన నడుము సమంగా ఉన్న బల్ల మీదే కూర్చోవాలండి. నలభై రోజులు నియమం. తాడు దించితే మీకు ఎత్తు చాలదేమో, ఈ బొంత వేసుకోండి."

నాన్న బొంత అందుకున్నారు. "అలాగేనమ్మా, మీ మాట కాదంటానా" అని తానే తాడు విప్పారు.

వాతలు పెట్టే మనిషిని వెనక్కి పంపేశాం. నెల తిరిగేసరికి నొప్పి మోకాలి పైకి వెళ్ళింది. మరో నెలకు నడుములోనూ పోయింది. ఆ నియమం ఎక్కడిదని ఒకసారి అడిగితే, "అప్పటికప్పుడు నోటికొచ్చింది అబ్బాయ్" అని పైట చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వీధిలో మాత్రం అందరూ ఆవిడ కాలినే పొగిడారు. ఆవిడ కాదనలేదు, నాన్న పరువు కోసం.

నిన్న అల్లుడు వెళ్ళాక నాన్న చాలాసేపు బొంత అంచు తడుముతూ కూర్చున్నారు. ఇప్పుడాయన ముడులు వేళ్ళతోనే చూసుకుంటారు.

"ఆ రోజు బావి దగ్గర్నుంచి వచ్చి నేను గుమ్మంలోనే ఉన్నానురా. మీ ఇద్దరి మాటలూ విన్నాను" అన్నారు.

ఆయన తడుముకుంటూ ఒక ఉన్ని ఉండ తీసి మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేశారు. ఉండ కదలలేదు.