గుండ్లు, గుళ్ళు

1996లో నేను ఢిల్లీలో, పాత కట్టడాల రక్షణ చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకుణ్ణి. కరోల్ బాగ్‌లో గది, కిక్కిరిసిన డీటీసీ బస్సు, కూలర్ మోతలో ఫైళ్ళు. మాది తెనాలి. తెలుగు నాకు బాగా వచ్చని అందరికన్నా ముందు నేనే నమ్మేవాణ్ణి.

ఆ వేసవిలో నల్గొండ జిల్లా నుంచి యాదగిరి అనే బడిపంతులు రాసిన అర్జీ నా బల్ల మీదికొచ్చింది. ఊరి బయట రాకాసిగుండ్లు ఉన్నాయనీ, క్వారీవాళ్ళు పగలగొడుతున్నారనీ, కాపాడమనీ దాని సారాంశం. గుండ్లేమిటి, గుళ్ళు అని రాయబోయి తప్పు రాశాడనుకున్నాను. దిద్ది, ‘డెమన్ టెంపుల్స్’ అని ఇంగ్లీషు చేశాను. పండితుణ్ణి కదా.

సెక్షన్ ఆఫీసరు నోటింగ్, అంటే ఫైల్లో రాసే అభిప్రాయం, ఒక్క వాక్యమే: పూజలు జరుగుతున్నాయేమో దేవాదాయ శాఖను అడగండి. ఫైలు హైదరాబాదు వెళ్ళింది. అలాంటి గుడి తమ జాబితాలో లేదన్న జవాబుతో తిరిగొచ్చేసరికి పదకొండు నెలలు పట్టింది.

ఆ వారమే పంతులుగారు కూడా వచ్చారు. జనరల్ బోగీలో వచ్చిన మనిషి, నలిగిన చొక్కా. తెలుగువాణ్ణని నా దగ్గరికి పంపారు. సంచిలోంచి ఫొటో తీసి చూపించారు. పెద్ద బండలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో మట్టిదిబ్బ. గుడీ లేదు, గోపురమూ లేదు.

“ఇవి సమాధులు సార్, ఎన్నడో ఎనకటి మనుషులయి. గుండ్లంటె బండలే గద” అన్నారు.

మాట మార్చింది నేనేనని చెప్పేశాను. ఆయన తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. ఇంకా ఎన్ని మిగిలాయని అడిగాను.

“నేను రైలెక్కిన్నాడు మూడు సమాధులుండె.”

సంగతి విని ఆఫీసరు, “అచ్ఛా, తో ప్రపోజల్ ఫిర్ సే బనావో” అన్నాడు, మళ్ళీ తయారుచెయ్యమని. ప్రపోజల్ అంటే సర్వే నంబరు, కొలతలు, ఫొటోలతో రక్షణ కోరే కాగితం. పేరు దగ్గర రాకాసిగుండ్లు అని పంతులుగారు రాసినట్టే రాసి, అవేమిటో పక్కన వివరించాను. అప్పటినుంచి ఎవరి మాటనూ వాళ్ళని అడగకుండా దిద్దలేదు.

రక్షణ ఉత్తర్వు రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. తర్వాత పంతులుగారి కార్డు వచ్చింది: “నీలం బోర్డు పెట్టిన్రు సార్. పేరు తప్పు లేదు. ఎనక గుండ్లు ఒక్క సమాధివే మిగిలినయి.”

మెచ్చుకున్నారో, దెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.