మౌస్ కదిపిన ఏడాది

మొన్న సోమవారం మా పత్తి జిన్నింగు మిల్లు కాటా గదిలోకి కొత్త కంప్యూటరు వచ్చింది. రెండు రోజులు బుద్ధిగా పనిచేసి, మూడో రోజు నేను టీ తాగి వచ్చేలోగా బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, తెర మీద గడియారం పదకొండూ పది దగ్గర ఆగిపోయింది. బయట పత్తి ట్రాక్టరువాడు ఆపకుండా హారను కొడుతున్నాడు. ఇంకొకరైతే కంగారుపడేవారు. నాకేమో పాత స్నేహితురాలెవరో చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు అనిపించింది. "నువ్వా! మళ్లీ వచ్చావూ?" అన్నాను దానితో, పైకే. ఈ జబ్బుతో నేనొక ఏడాది కాపురం చేశాను మరి.

పన్నెండేళ్ల కిందట ఒక ఎండాకాలం చివర మా ఆయన పోయారు. చిలకలూరిపేట హైవే, మోటారుసైకిలు, లారీ. అంతకు మించి చెప్పడానికేం లేదు. మా ఇళ్లల్లో అప్పటికింకా భర్త పోయిన ఆడది సంవత్సరీకం అయ్యేదాకా గడప దాటకూడదనేవారు. వెనకగదిలో ఒక మూల చాప వేసి కూర్చోబెడతారు. వచ్చినవాళ్లు పక్కన కూర్చుని ఏడుస్తారు, వాళ్లతోపాటు మనమూ ఏడవాలి, అదొక మర్యాద. నాకు ఏడుపు రాలేదు. అది అందరికీ పెద్ద ఇబ్బందైపోయింది. ఒంగోలు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పిన్నిగారొకావిడ అరగంట ఏడ్చి, కళ్లు తుడుచుకుని నా మొహం చూసి, "ఇదేందమ్మా, ఈ పిల్ల ఇట్టా రాయిలాగా కూర్చుంది!" అని నొచ్చుకుని మంచినీళ్లైనా తాగకుండా వెళ్లిపోయింది. పాపం, అంత దూరం వచ్చినందుకైనా నేను ఏడ్చి ఉండాల్సింది. బాధ లేక కాదు, అదెక్కడుందో నాకు దొరకలేదు. పైన ఫ్యాను ఆగితే దాని రెక్కలు లెక్కపెట్టేదాన్ని. మూడు. కరెంటు వచ్చి, పోయి, మళ్లీ ఆగితే మళ్లీ లెక్కపెట్టేదాన్ని. అన్నం పెడితే తినేదాన్ని, పెట్టకపోతే అడిగేదాన్ని కాదు. మాకు పిల్లలు లేరు, నన్ను లెమ్మని ఏడ్చి పిలిచేవాళ్లు కూడా లేరన్నమాట.

మిల్లు మా ఆడపడుచుది, అంటే మా ఆయన అక్కది. నేను వదిన అంటాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం జిన్నింగు మిషన్లు తిరుగుతున్నా గేటు దాకా వినపడుతుంది. మా ఆయన ఆ మిల్లులోనే కాటా చూసేవారు. పత్తి ట్రాక్టరు వచ్చి కాటా మీద నిలబడితే బరువు ఆయన ముందున్న కంప్యూటరులో పడేది. ఆయన పోయిన నాలుగో నెలలో, దసరా ఇంకో వారం ఉందనగా, వదిన సుడిగాలిలా మా ఇంట్లోకి వచ్చింది. నేను మూలన ఉన్నాను కాబట్టి మాటలే వినపడ్డాయి.

"అమ్మా, ఆ కంప్యూటరు పది నిమిషాలు వదిలేస్తే చాలు, బిగుసుకుపోతంది. ట్రాక్టర్లు హైవే దాకా ఆగినయ్. కాటాకి కొత్తగా పెట్టినవాడేమో కిందకి దిగి పత్తి చూసుకోవాలా, పైకొచ్చి దీన్ని చూసుకోవాలా? పక్కన కూర్చుని మౌస్ కదిపే మనిషి కావాలి. ఈ అమ్మాయిని పంపు."

"ఏడాది తిరక్కుండా గడప ఎట్టా దాటుద్దే? నలుగురూ ఏమనుకుంటారు?" అంది మా అత్తయ్య.

"ఆ నలుగురూ వచ్చి మౌస్ కదుపుతారా?"

మా అత్తయ్యకు ఆ మిల్లంటే ప్రాణం. చాలాసేపు గొణిగి, చివరికి, "వెనక గుమ్మంలోంచి తీసుకుపో" అంది. అట్లా ఆచారం ముందు గుమ్మంలో కాపలా కాస్తుండగా నేను వెనక నుంచి కారెక్కాను. వెళ్లాలనీ లేదు, వద్దనీ లేదు. రమ్మంటే వెళ్లాను.

పని చాలా తేలిక. ఆయన కుర్చీలో కూర్చోవాలి, పది నిమిషాలకోసారి మౌస్ కదపాలి. మరిచిపోతే తెర బిగుసుకుపోతుంది, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాలి, అది లేచేలోగా బయట రైతులు మా ఏడు తరాలనూ తలుచుకుంటారు. మిల్లులో తలా ఒక వైద్యం చెప్పారు. లోపల దూది నూగు పట్టిందన్నారు. విప్పితే నిజంగానే ఒక దిండుకు సరిపడా వచ్చింది. అయినా ఆగిపోయింది. బ్యాటరీ మార్చారు, ఆగిపోయింది. దిష్టి తగిలిందన్నారు. ఆయుధ పూజ రోజు మిషన్లన్నిటికీ బొట్లు పెడుతూ వదిన కాటా గదిలోకి వచ్చి, పసుపు గిన్నె, కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి, "నీ మిషనుకు నువ్వే పెట్టు" అంది. గుమ్మంలో ఉన్న కూలీ ఆడవాళ్లు తలలు తిప్పుకున్నారు. ఎవరో "అయ్యో" అన్నారు కూడా. నాకేమీ అనిపించలేదు. శుభ్రంగా పెట్టాను. మరీ శుభ్రంగా పెట్టాను, వెనకాల గాలి పోయే చిల్లులన్నీ పసుపుతో మూసుకుపోయాయి. వారం తరవాత కంప్యూటరు మెకానిక్ భాయ్ వచ్చి, అగ్గిపుల్లతో ఒక్కో చిల్లూ గీకుతూ, "జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేశారమ్మా" అన్నాడు.

గీకడం అయ్యాక అడిగాడు. "పోయిన సీజనులో ఎప్పుడైనా ఇట్టా ఆగిందామ్మా?"

"లేదు. ఆగినట్టు ఆయన ఎప్పుడూ చెప్పలేదు."

"సార్ ఖాళీ దొరికితే ఏం చేసేవారు?"

"పేకాట ఆడేవారు. ఇందులోనే."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గాని నాకర్థం కాలేదు. ఖాళీగా ఉంటే కదా ఇది బిగుసుకుపోవడానికి! ఆయన దీన్ని ఒక్క నిమిషం ఖాళీగా ఉంచితే కదా! ఎన్నిసార్లు పోట్లాడాను ఆ పేకాట గురించి, పనిదొంగ అని. నవ్వొచ్చింది. నాలుగు నెలల తరవాత మొదటిసారి, గట్టిగా నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది, ఇక ఆగలేదు. ఒంగోలు పిన్నిగారు చూసుంటే తృప్తిపడేది. భాయ్ కంగారుగా బయటికి వెళ్లాడు. ఆవరణలో వదినతో ఏదో మాట్లాడి తిరిగొచ్చి, "పెద్ద జబ్బేనమ్మా. సామాను హైదరాబాదు నుంచి రావాలి. అందాకా మీరే చూసుకోవాలి" అన్నాడు.

ఆ సామాను సీజనంతా రాలేదు. ఊరికే మౌస్ కదుపుతూ ఎంతసేపని కూర్చుంటాం! బరువులు చూడ్డం నేర్చుకున్నాను, పత్తిని చేత్తో పిసికి తేమ చెప్పడం నేర్చుకున్నాను, హారను కొట్టేవాళ్లను తిట్టడం నేర్చుకున్నాను. సంవత్సరీకం అయిన మరుసటి వారం భాయ్ వచ్చి ఏదో చేశాడు, అది బాగైంది. నేనిక ఆ మూలకి వెళ్లలేదు. కాటా నాదే అయిపోయింది.

మొన్న కొత్తదాని కోసం పిలిస్తే ఆ భాయే వచ్చాడు, గడ్డం నెరిసింది. రెండు నిమిషాలు ఏవో నొక్కి లేచాడు. కాసేపు ముట్టుకోకపోతే అదే నిద్రపోయేట్టు ఒక ఏర్పాటు ఉంటుందట, కొన్ని కంప్యూటర్లు నిద్రపోయాక మళ్లీ లేవలేవట, ఆ ఏర్పాటు తీసేస్తే సరిపోతుందట.

"మరి అప్పుడు హైదరాబాదు సామాను?" అన్నాను.

భాయ్ నవ్వాడు. "సామాను లేదు, ఏం లేదమ్మా. అప్పుడూ ఇదే. ఆ రోజే తీసేస్తానంటే మీ వదినగారు వద్దన్నారు. 'ఇది బాగైతే ఆ పిల్ల మళ్లీ మూలకి పోద్ది, ఏడాది తిరిగిందాకా దీని జోలికి రాబాక' అని ఒట్టు వేయించుకున్నారు."

సాయంత్రం వదిన ఇంటికి వెళ్లాను. వరండాలో చాట ముందేసుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. కోపంగా అడుగుదామనే అనుకున్నాను. చివరికి మామూలుగానే అడిగాను, భాయ్ చెప్పింది నిజమేనా అని.

"నాకేం తెలుసు కంప్యూటర్ల సంగతి? ఆ భాయ్ ఏదో వాగుంటాడు" అంది తలెత్తకుండా. చాట నా వైపు జరిపింది. "ఊరికే నిలబడబాక. తొడిమలు తియ్యి."

కూర్చుని తీశాను. కాలం దానంతటదే నడుస్తుందని అందరూ అంటారు. నాకా నమ్మకం లేదు. ఆ ఏడాది నాది ఆగిపోయింది, ఒక మనిషి పక్కన ఉండి పది నిమిషాలకోసారి కదుపుతూ వచ్చింది.