గెయిన్ తిప్పిన చెయ్యి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. నా భార్య తమ్ముణ్ణి, కింద ఇంటివాళ్ళు వింటుండగా, దొంగబుద్ధి వాడని ఇంట్లోంచి పొమ్మన్నాను.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఏనాడూ లేదు. అందుకే పాటలు వినే సెట్టు మీది నాబ్‌లు వాటంతట అవి తిరిగినప్పుడు, తిప్పిన మనిషి కోసమే వెతికాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను తిప్పలేదు. నా భార్య సుజాత దాని దగ్గరికే పోదు. ఇక మిగిలింది ఆమె తమ్ముడు మురళి.

నేను చిత్తూరు కోర్టులో ప్లీడరు గుమాస్తాని. కాపురం తిరుపతిలో. రోజూ బస్సులో పోయి వస్తాను. ఎదుటి మనిషి నిజం చెబుతున్నా అందులో లొసుగు వెతకడం వృత్తి నేర్పిన అలవాటని చెప్పుకునేవాణ్ణి. అది కూడా తప్పించుకునే మాటే. నా బుద్ధే అలాంటిది.

గొడవంతా ఒక వాల్వు యాంప్లిఫయర్ గురించి. కోర్టు దగ్గర మైక్‌సెట్ అంగడి నడిపిన రహీం భాయ్ తన చేత్తో చేసుకున్న సెట్టు అది. పైన నాలుగు గాజు వాల్వులు, ఆన్ చేసిన కాసేపటికి నిప్పురంగులో వెలుగుతాయి. ముందువైపు రెండు నాబ్‌లు. ఎడమది గెయిన్, కుడిది అవుట్‌పుట్. జబ్బుపడ్డాక నన్ను పిలిచి దాన్ని చేతుల్లో పెట్టాడు.

"గెయిన్ అంటే పాడేవాడి గొంతప్పా. అవుట్‌పుట్ ఇంటి తలుపు. తలుపు ఎంతన్నా తెరువు. గొంతు మాత్రం చించొద్దు" అన్నాడు. అట్లాగే అని మాటిచ్చాను.

ఆయన పోయాక ఆ మాట నిలబెట్టుకోలేదు. గెయిన్ బాగా పెంచి అవుట్‌పుట్ తగ్గిస్తే పాట కొంచెం పగిలి, జీరగా, బరువుగా వస్తుంది. నాకు అదే ఇష్టం. గొంతు చించి తలుపు మూసినట్టన్నమాట.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం సెట్టు ఆన్ చేస్తే పాట తేటగా, గది నిండా వచ్చింది. చూస్తే గెయిన్ బాగా తగ్గి ఉంది. అవుట్‌పుట్ పెరిగి ఉంది. నేనే మరిచిపోయి ఉంటాననుకుని మళ్ళీ నాకు కావలసినట్టు పెట్టుకున్నాను. మరుసటి సాయంత్రం కూడా అంతే. నాబ్‌ల మీద సన్నటి తెల్లగీతలుంటాయి. పొద్దున బయలుదేరేముందు అవి ఎటు ఉన్నాయో చూసుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు కదిలేవి కావు, ఒకరోజు కదిలేవి. కదిలినప్పుడల్లా వచ్చి ఆగేది, అంగడిలో నేను చూసిన, రహీం భాయ్ పెట్టుకునే చోటే.

మురళికి తిరుమలలో హోటల్లో పని. సెలవురోజుల్లో పగలు ఇంట్లో నిద్రపోతాడు. తల్లి పోయినప్పట్నుంచీ సుజాతే వాణ్ణి పెంచింది. "బావా, కుంపటి రాజేసినావా? టీ పెట్టుకుందామా?" అని ఆ సెట్టును ఎగతాళి చేసేవాడు. ఆ ఎగతాళే నాకు సాక్ష్యంగా కనిపించింది.

ఆ రోజు మెట్ల మీదే నిలదీశాను.

"నేను ముట్టలేదు బావా."

"మరి దెయ్యం ముట్టిందా? దొంగచాటుగా తిప్పి బొంకుతావా?"

"నాకేం తెలుసు? నన్ను దెయ్యమని అయినా అను. దొంగని మాత్రం అనొద్దు."

నేను అన్నాను. పైన రాసిన మాటలే అన్నాను. వాడు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, ఇంటి తాళంచెవి అక్క చేతిలో పెట్టి, కొండబస్సు ఎక్కేశాడు. ఆ తర్వాత సుజాత నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

వాడు పోయాక కూడా నాబ్‌లు కదిలాయి. అప్పుడైనా సిగ్గుపడాలి కదా. నేను సుజాతను అనుమానించాను. తమ్ముడు తప్పు చేయలేదని చూపించడానికి తనే తిప్పుతోందనుకున్నాను.

సుజాత చిత్తూరులో బంధువుల ఇంటికి పోయే రోజు వచ్చింది. తను కిందికి దిగాక, నేను రెండు నాబ్‌లనూ పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. అవి లేకపోతే మిగిలేది ఉత్త ఇనుప కడ్డీలు. పట్టుకారు లేకుండా వేళ్ళతో తిప్పడం కష్టం. కడ్డీకి ఒకవైపు చదునుగా ఉంటుంది కాబట్టి ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది. అది చూసుకుని, తాళం వేసి, మురళి ఇచ్చిపోయినదాంతో కలిపి ఉన్న రెండు తాళంచెవులూ నా దగ్గరే పెట్టుకున్నాను. ఇద్దరం ఒకే బస్సులో పోయాం. తను అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం ఒక్కణ్ణే వచ్చాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీల గడియలు లోపలినుంచి వేసే ఉన్నాయి. వాల్వులు తాకి చూశాను, చల్లగా ఉన్నాయి. ఆన్ చేశాను. పాట తేటగా వచ్చింది.

రెండు కడ్డీలూ తిరిగి ఉన్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు. జేబులోంచి నాబ్‌లు తీసి తొడిగాను. తెల్లగీతలు రహీం భాయ్ చోటికే చూస్తున్నాయి.

వెంటనే మురళికి ఫోన్ చేశాను. క్షమాపణ అడగడానికి కాదు.

"యాడుండావు?" అన్నాను.

వాడు ఫోను పైకెత్తి పట్టుకున్నట్టున్నాడు. వాడి వెనక కొండమీద మైకులో, తప్పిపోయిన ఎవరి కోసమో పిలుస్తున్నారు. తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి.

"వినబడిందా బావా? కొండమీదే ఉండా. ఇంకా అనుమానమేనా?" అని పెట్టేశాడు.

ఆ రాత్రి సెట్టు ఆపి, చీకట్లో చాలాసేపు కూర్చున్నాను. భయం వేసింది. అయితే సెట్టును చూసి వేసిన భయం కొంచెమే. మిగిలిందంతా నా బుద్ధిని చూసి.

తర్వాత తెలిసిన మెకానిక్‌కు చూపించాను. కడ్డీలు బిగుతుగానే ఉన్నాయన్నాడు. వేడికో అదురుకో కదిలినా రెండూ వేర్వేరు దిక్కులకు తిరిగి, సరిగ్గా ఆ చోట్లే ఆగవన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియదు.

ఫోన్ చేసిన మర్నాడే కొండెక్కాను. హోటలు వెనక, తోటి పనివాళ్ళ ముందే, తప్పు నాదని మురళితో చెప్పాను. వాడు చేతిలో ఉన్న గరిటె కింద పెట్టలేదు. "తిట్టింది ఈడ కాదు కదా" అన్నాడు. నిజమే. వాడికి సెలవు దొరికిన రోజు ఇంటికి పిలిచి, అవే మెట్ల మీద, కింద ఇంటివాళ్ళను కూడా పిలిచి, అదే మాట చెప్పాను. సుజాత గడపలో నిలబడి వింది. తాళంచెవి తిరిగి వాడి చేతిలో పెట్టాను.

"ముట్టకుండానే దొంగనైపోయినా. ఇప్పుడన్నా ముట్టుకోనీ బావా" అన్నాడు.

సెట్టు ముందు కూర్చోబెట్టాను. వాడికి నేనేమీ చెప్పలేదు. పాట వింటూ, పగులు పోయేదాకా గెయిన్ తగ్గించాడు. తర్వాత అవుట్‌పుట్ పెంచాడు. రెండు తెల్లగీతలూ సరిగ్గా రహీం భాయ్ చోట్లో ఆగాయి.

చెవులున్న ఎవరైనా అక్కడే ఆపుతారేమో. అయినా నాలో పాత అనుమానం మళ్ళీ తలెత్తింది. ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది.

అడగలేదు. ఇంకెప్పుడూ అడగను. ఆ తర్వాత నాబ్‌లు కదల్లేదు. నేనూ కదపలేదు.