బుండిల్లా ముళ్ళమొక్కల సంఘం

బుండిల్లా అనే చిన్న ఊరి ముళ్ళమొక్కల సంఘానికి అధ్యక్షురాలైన వాల్మా పికెట్ ఇంట్లో ఒక్క ముళ్ళమొక్క కూడా లేదు. సభ్యురాళ్ళలో ఎవరింట్లోనూ లేదు. గురువారం మధ్యాహ్నాలు ఊరి హాలులో చేరే ఆ ఆడవాళ్ళందరూ పెళ్ళికి ముందు బిడ్డను కని, ఆ బిడ్డను ఆస్పత్రిలోనే పోగొట్టుకొన్నవాళ్ళు. పోగొట్టుకోవడమంటే చావు కాదు. మత్తు వదలకముందే చేతికి కలమిచ్చి, సంతకం పెట్టించుకొని, బిడ్డను ఎవరికో దత్తతకు పంపేశారు. వాల్మా కన్నప్పుడు, చూస్తే మమకారం పుడుతుందని, నర్సమ్మ ఆమె ముఖానికి దిండు అడ్డం పెట్టింది. ఏడుపు మాత్రం వినబడింది. చెవుల సంగతి ఆ మహాతల్లికి తోచలేదు.

ఎన్నో ఏళ్ళకు వాల్మా తన కూతుర్ని వెతికి పట్టుకొంది. ఇప్పుడు ప్రతి ఆదివారమూ తల్లీకూతుళ్ళు ఫోనులో పోట్లాడుకొంటారు. ఆ భాగ్యం తక్కినవాళ్ళకూ కలగాలని ఆమె పట్టుదల. ఎవరి బిడ్డ ఆచూకీ కావాలన్నా అడిలైడ్ నగరానికి వెళ్ళి, దత్తత ఫైళ్ళు చూసే అధికారి గది ముందు ఫ్లాస్కుతో, అల్లిక సూదులతో బైఠాయించేది. "కానివ్వండి నాయనా, నాకేం తొందర? స్వెట్టరింకా మెడ దాకా రాలేదు" అనేది. రెండో స్వెట్టరు మొదలవుతుందన్న భయంతోనే చాలా ఫైళ్ళు కదిలాయి.

సంఘానికి ఆ పేరు పెట్టిందీ ఆమే. కారు ఎవరి గుమ్మం ముందు ఆగిందో చూసి కడుపులోని సంగతి చెప్పగల ఊరది. గులాబీల సంఘమంటే అందరూ చేరతారు. ముళ్ళంటే ఎవరూ అటు తొంగిచూడరు.

ఆ హాలును గురించి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. యుద్ధాల్లో పోయిన కుర్రాళ్ళ పేర్లు దాని గోడమీద బంగారు అక్షరాలతో చెక్కి ఉంటాయి. ఊరు వాటి కిందనే కూర్చుని తరతరాలుగా కేకులు తింటోంది. పోయినవాళ్ళ పేరు గోడకెక్కించుకొనే హక్కు అందరు తల్లులకూ ఉండదు కాబోలు. సరే, కథలోకి వద్దాం.

ఒక గురువారం, సభ్యురాళ్ళలో గ్లెనిస్ అనే ఆవిడ కూతురు మొట్టమొదటిసారి తల్లిని చూడడానికి బస్సులో వస్తోంది. గ్లెనిస్ భర్త మెర్విన్‌కు అటువంటి కూతురొకతె ఉన్నట్టే తెలియదు. తెలిస్తే కాపురం నిలవదని గ్లెనిస్ భయం. కేకుమీద మీగడ పూసిన చోటే మళ్ళీ మళ్ళీ పూస్తోంది. అంతలో తలుపు తెరుచుకొంది. వచ్చింది కూతురు కాదు, మెర్విన్. అతని కౌగిట్లో నిలువెత్తు ముళ్ళమొక్క!

"వాల్మా, కాస్త పట్టుకో! ఇది నన్ను రక్కేస్తోంది."

"ఇదేంటి మెర్వ్?"

"గ్లెనిస్‌కి. ఏళ్ళ తరబడి ఇక్కడికొస్తుంది గానీ ఇంట్లో ఒక్క మొక్కా పెట్టుకోదు. నేనేమన్నా అనుకుంటానని మొహమాటం కాబోలు." కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. "ఇవాళ దేని మీద మాట్లాడతారు? నేనూ వింటా."

"నీళ్ళు పొయ్యడం మీద" అంది వాల్మా.

"ఎన్నాళ్ళకోసారి పొయ్యాలి?"

"రోజూ" అందొకావిడ. "అస్సలు పొయ్యకూడదు" అంది ఇంకొకావిడ.

"మాలో రెండు వర్గాలున్నాయిలే" అంది వాల్మా తొణక్కుండా. "మెర్వ్, నీ బండి మా గేటుకడ్డంగా ఉందట, తీసేసి రా."

"మీ గేటు ఊరవతల కదే!"

మళ్ళీ తలుపు తెరుచుకొంది. గడప మీద గ్లెనిస్ గడ్డం, గ్లెనిస్ కళ్ళు ఉన్న ఒక స్త్రీ.

"రామ్మా రా!" వాల్మా ఎదురు పరిగెత్తింది. "జెనీన్ అని, అడిలైడ్ నుంచి మన కోసమే వచ్చిన మొక్కల నిపుణురాలు!"

మెర్విన్ లేచి టోపీ తీశాడు. "ఇది పూస్తుందా అమ్మా?"

జెనీన్ మొక్కను చూసింది, గ్లెనిస్‌ను చూసింది. "నేను... దంతవైద్యుడి దగ్గర పనిచేస్తానండీ."

"వినయం!" అంది వాల్మా.

"చాల్లే వాల్మా." గ్లెనిస్ చేతులు తుడుచుకొంది. "మెర్వ్, ఈ పిల్లకి మొక్కల గురించేం తెలీదు. మాకెవరికీ తెలీదు. ఇది నా కూతురు. నువ్వు నాకు తెలియకముందు పుట్టింది. నన్ను ఉంచుకోనివ్వలేదు."

మెర్విన్ ఇద్దరి ముఖాలనూ మార్చిమార్చి చూశాడు. టోపీ పెట్టుకొని బయటికి నడిచాడు. బండి తలుపు దభీమంది.

"పోతే పోనీ" అంది గ్లెనిస్, జెనీన్ చేతిని రెండు చేతులా పట్టుకొని. "దీన్ని మాత్రం మళ్ళీ వదల్ను."

ఇంజను చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు. అది వినబడలేదు. చేపలు పట్టేటప్పుడు వేసుకొనే మడతకుర్చీతో మెర్విన్ తిరిగి వచ్చాడు.

"ఈ పిల్లకి కుర్చీ లేదు" అంటూ దాన్ని గ్లెనిస్ పక్కన వేశాడు. "ఒక కాలు కుంటిది తల్లీ, చూసుకుని కూర్చో." తరువాత టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "జెనీన్ అని పెంచినవాళ్ళు పెట్టారు. నువ్వేం పెట్టుకున్నావు గ్లెన్?"

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఐరిస్" అంది గ్లెనిస్.

ఆ హాలులో వాల్మాకు చెయ్యడానికి పనేమీ లేకపోవడం అదే మొదటిసారి. అందుకని కేకులో అన్నిటికన్నా పెద్ద ముక్క తనే తీసుకొంది.