గోడ మీది నాగా మనిషి

“...ఊరంతట్ల నీకు నా మొగని మొకమే దొరికిందారా?”

“మొకం ఏడ గీసిననే అక్కా? తువ్వాల కప్పిన గదా. జర చూసి మాట్లాడు.”

“మొకమెందుకురా, ఆ కూసునుడు చాలదా? మోకాళ్ల మీద రెండు చేతులు ఆనిచ్చి, మెడ ముందటికేసి... గోదావరిఖనిల గట్ల ఇంకెవలు కూసుంటరు?”

ఉపేందర్ సున్నం డబ్బాతో అక్క సారక్క ఇంటి గడప దగ్గరే నిలబడ్డాడు. లోపల మంచం మీద బావ పోశం సరిగ్గా అలాగే కూర్చుని ఉన్నాడు.

ఉపేందర్‌ది కమాన్‌పూర్ పక్క ఊరు. పదహారేళ్లప్పుడు అక్క ఇంటికి వచ్చి, బావ పని ఇప్పిస్తే బ్రష్షు పట్టాడు. బొగ్గుబాయిల గోడల మీద జాగ్రత్తలు రాసేవాడు. టోపీ లేకుండా దిగకు, పైకప్పు చూసి అడుగు వెయ్యి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోనిదే బొమ్మ గీసేవాడు కాదు. లేకపోతే బొమ్మ కట్టెలా ఉంటుందనేవాడు. ఆ రోజుల్లో పోశమే కూర్చునేవాడు. షిఫ్టు దిగి, మసి కూడా కడుక్కోకుండా, గంటసేపు కదలకుండా. గోదావరిఖనిలో పాత గోడల మీద మిగిలిన కార్మికులందరివీ పోశం భుజాలే.

ఫ్లెక్సీలు వచ్చాక ఉపేందర్ బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల వెనక పేర్లు, పూలు గీస్తూ బతికాడు. గోడ రాయమని అడిగినవాడు లేక పదేళ్లు దాటింది.

మే నెలలో సరిహద్దులో యుద్ధం మొదలైన రెండో రోజు, పట్టణంలో పౌర సమితి నడిపే వ్యాపారి జగదీశ్వర్ ఫోన్ చేశాడు. బస్టాండు ఎదుట పెద్ద గోడ. ఒక పక్క తుపాకీతో జవాను, ఇంకో పక్క టోపీలైటుతో కార్మికుడు, నడుమ డ్యూటీ ఎగ్గొట్టి మంచం మీద కూర్చున్న పనిదొంగ. రాత కూడా ఆయనే చెప్పాడు: “సరిహద్దులో నిద్ర లేదు. బాయిలో డ్యూటీకి నాగా ఎందుకు?”

జవానుగా కూర్చోవడానికి, కార్మికుడిగా కూర్చోవడానికి జనం పోటీ పడ్డారు. పనిదొంగగా ఎవరూ కూర్చోలేదు. సాయంత్రంలోగా పూర్తి కావాలి. ఉపేందర్ చెయ్యి తనకు అలవాటైన మనిషిని గీసింది.

పోశం ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుంది. రెండు నెలలు బాయి దిగవద్దని, దిగితే నడిచి పైకి రాలేవని డాక్టరు చెప్పాడు. అందుకే సెలవు పెట్టాడు. పడుకుంటే గాలి ఆడదు. మోకాళ్ల మీద చేతులు ఆనిస్తేనే ఆడుతుంది. ఆ సంగతి ఉపేందర్‌కు తెలుసు. గీసేటప్పుడు గుర్తు రాలేదు.

నాలుగో రోజు యుద్ధం ఆగింది. గోడ ఫోటో మాత్రం షిఫ్టుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఈ పొద్దున పాలకు వెళ్లిన పోశాన్ని చాయ్ హోటల్ దగ్గర తోటి కార్మికుడు అంజి ఆపాడు.

“ఏం పోశమన్నా, గోడ మీద గూడ మంచం ఇడువవా? నీ అసుంటోళ్లుంటే సరిహద్దు అవుతలోళ్లకు తుపాకులెందుకే!”

అందరూ నవ్వారు. పోశం కూడా నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చాడు.

“సున్నం తెచ్చిన,” అన్నాడు ఉపేందర్. “ఇప్పుడే పోయి కొట్టేస్త. యుద్ధమే అయిపాయె. జగదీశ్వర్ సార్ ఏమన్న అనుకోనీ.”

“జల్ది పో మరి. నిలబడ్డవేంది?”

“వద్దు,” అన్నాడు పోశం.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

“ఇప్పుడు చెరిపితే ఏమంటరు? పోశంగాడు బామ్మర్ది కాళ్లు పట్టుకొని చెరిపిచ్చుకున్నడంటరు. అప్పుడు ఆ గోడ మీది పనిదొంగ నేనే అయిత.”

“అననీయె బావా. తప్పు నాది. నీకు పానం బాగలేదని నలుగురికి నేనే చెప్త.”

“ఎంతమందికి చెప్తవురా? ఇంటింటికి తిరుగుతవా?”

“డాక్టరు చీటీ ఉన్నది గదా,” అంది సారక్క. “అంజిగాని మొకాన కొడత.”

“చీటీ ఎవలు చూస్తరే? గోడైతే బస్సు దిగినోడల్ల చూస్తడు.” గాలి కోసం ఆగాడు. “ముప్పై ఏండ్లు చేసిన. పనిదొంగ అన్నోడు ఒక్కడు లేడు.”

“చచ్చినంక మంచోడంటే ఏం చేసుకుంటవు?” అంది సారక్క.

పోశం రెండు చేతులూ మోకాళ్ల మీది నుంచి తీశాడు. మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“రేపు ఫస్టు షిఫ్టుకు బాయి దిగుతున్న. సద్ది కట్టు.”